క్రాసింగ్ ఏడ పడ్డది?

రాత్రి ఏడున్నర దాటినంక జడ్చర్ల స్టేషన్ చుట్టుపక్కల ఇండ్లల్లో తలుపు తీస్తూనే అడిగే మాట ఒకటి ఉండేది. "క్రాసింగ్ ఏడ పడ్డది?" ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఏ స్టేషన్ల తప్పుకున్నయని. ఒక బండిలో మొగుడు, ఇంకో బండిలో పెండ్లాం. గొల్లపల్లిల అంటే ఆ పూట అన్నం పొయ్యి మీద పెట్టింది ఆమె. దివిటిపల్లిల అంటే ఆయన. జడ్చర్లలోనే పడితే ఇద్దరూ పది నిమిషాల తేడాలో దిగి, కూరగాయల సంచీ చెరో చెవి పట్టుకుని ఇంటికి నడిచొచ్చేవాళ్ళు. ఆ రోజు అడగాల్సిన పనే లేదు.

రెండో లైను పడ్డాక ఉద్యోగాలకు ఎక్కిన పిల్లలకు ఈ లెక్క ఎంత చెప్పినా నవ్వులాటగానే ఉంటుంది. అప్పట్లో రోజూ వేరే ఊరికి ఉద్యోగానికి పోయి రావడం పేరు అప్ అండ్ డౌన్. పెళ్ళిలో ఎవరన్నా "ఏం చేస్తున్నవ్?" అనడిగితే ఉద్యోగం పేరు తర్వాత, "అప్ అండ్ డౌన్ చేస్తున్న" అన్నది ముందు. అడిగినోళ్ళు కూడా అయ్యో అన్నట్టు తల ఊపేవాళ్ళు. మొగుడూ పెండ్లాం ఇద్దరూ అప్ అండ్ డౌనే, పైగా ఒకరు అటు ఒకరు ఇటు అంటే ఆ తల ఊపు ఇంకొంచెం ఎక్కువసేపు ఉండేది.

ఆయనకు హైదరాబాద్‌లో, నాంపల్లి దిక్కో సైఫాబాద్ దిక్కో ఆఫీసు. ఆమెకు దేవరకద్ర, కౌకుంట్ల, కురుమూర్తి దిక్కు బడి. ఇది మామూలు జత. తిరగేసిన జతలూ ఉండేవి: ఆమె కోఠీలో బ్యాంకు, ఆయన గద్వాల దిక్కు వ్యవసాయ శాఖ. ఎట్లయినా ఒక పట్టా మీద రెండు చివరలు. ఇల్లు ఎక్కడ పెట్టాలన్నది మొట్టమొదటి తగువు.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ నుంచి పట్నం, అంటే హైదరాబాద్, రోడ్డు మీద దాదాపు 100 కిలోమీటర్లు. జడ్చర్ల పాలమూరుకు 15 ఇవతల, షాద్‌నగర్ పట్నానికి 50. కొత్త జంట కాగితం, పెన్ను ముందేసుకుని కూర్చుంటే వేలు వచ్చి ఆగేది జడ్చర్ల మీదో షాద్‌నగర్ మీదో. నడుమ ఊరు, ఇద్దరికీ సమానం. కాగితం మీద అంత న్యాయంగా కనబడేది ఇంకోటి లేదు. నన్నడిగితే అన్నిట్లోకి చెడ్డ ఏర్పాటు అదే. ఇల్లు ఎవరో ఒకరి ఉద్యోగం ఊర్లో ఉంటే ఇంకొకరికి నాలుగు గంటల ప్రయాణం పడుతుంది, నిజమే. కానీ సాయంత్రం ఐదున్నరకు ఒక మనిషి ఇంట్లో ఉంటుంది. గ్యాసు బండ వస్తే తీసుకోవడానికి, పిల్లకు ఒళ్ళు వెచ్చగయితే చూడ్డానికి ఒక చెయ్యి ఉంటుంది. నడుమ ఊర్లో పెడితే కష్టాన్ని సగం సగం పంచుకున్నట్టే ఉంటుంది గాని, పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా ఆ ఇంటికి ఇద్దరూ లేనట్టే. ప్రతి చిన్న పనీ పక్కింటి తలుపు తట్టేది.

అయినా నడుమ ఊరే ఎంచుకునేవాళ్ళు. జీతం కాగితంలో దానికో కారణం ఉంది. ఇంటి అద్దె భత్యం మనిషి ఉండే ఊరును బట్టి కాదు, పనిచేసే చోటును బట్టి వస్తుంది. 2020 పీఆర్సీ (వేతన సవరణ) లెక్కలోనూ అంతే: హైదరాబాద్ నగరంలో పనిచేస్తే మూల వేతనం మీద 24 శాతం, పల్లెలో అయితే 11. పట్నం అద్దె భత్యం తీసుకుని జడ్చర్లలో అద్దె కడితే చేతిలో కొంత మిగిలేది. ఆ మిగులు సీజన్ టికెట్లకు, ఆటోలకు, బడి నుంచి వచ్చిన పిల్లను దీపాలు పెట్టేదాకా చూసుకునే పక్కింటావిడకు పోయేది. ఏడాది చివర కూర్చుని కూడితే మిగిలింది ఏమీ ఉండేది కాదు. ఆ కూడిక మాత్రం ఎవరూ చేసేవాళ్ళు కాదు.

ఇక క్రాసింగ్ సంగతి. ఒకే లైను ఉన్నప్పుడు రెండు స్టేషన్ల నడుమ ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. దానికి పూచీ ఒక ఇనుప గోళం. స్టేషన్ మాస్టర్ గదిలో ఎర్రటి ఇనుప యంత్రం ఉండేది, నీల్స్ టోకెన్ యంత్రం. అవతలి స్టేషన్ మాస్టర్ గంట కొట్టి లైన్ క్లియర్ ఇస్తేనే అది ఒక గోళాన్ని బయటికి వదులుతుంది. ఆ గోళాన్ని తోలు సంచీలో పెట్టి, సంచీని వెదురు రింగుకు కట్టి డ్రైవర్ చేతికిస్తారు. అది అవతలి యంత్రంలో పడేదాకా ఇటు నుంచి గానీ అటు నుంచి గానీ రెండో గోళం రాదు. ఎదురుబండి ఆ ముక్కలో ఉందంటే మన బండి ఎంత తొందర ఉన్నా స్టేషన్‌లో నిలబడాల్సిందే.

నిలబడే చోటు లూప్, అంటే స్టేషన్‌లో అసలు లైనుకు పక్కన వేసిన పట్టా. రోజూ పోయేవాళ్ళకు కళ్ళు మూసుకున్నా తెలిసిపోయేది. బండి స్టేషన్‌లోకి నేరుగా వస్తే చక్రాల చప్పుడు ఒక్క తీరుగా ఉంటుంది. లూప్‌లోకి తిప్పితే వేగం బాగా తగ్గుతుంది, పెట్టె ఒక పక్కకు ఒరుగుతుంది, కాళ్ళ కింద టకటక టకటక మని పట్టాలు చీలే పాయింట్లు దాటిన దెబ్బలు. ఆ దెబ్బ వినగానే పేకాట బ్యాచీ కొత్త ఆట పంచేది. అంతకు ముందు దాకా "ఇగ ఆఖరాట" అన్నవాళ్ళే. ఎదురుబండి సరైన వేళకు వస్తున్నా పది నిమిషాలు ఖాయం: మొదటి బండి పూర్తిగా లోపలికి వచ్చి ఆగాలి, వెనక డబ్బా హద్దు రాయి దాటిందని చూసుకోవాలి, అప్పుడు పాయింట్లు తిప్పి రెండో బండికి సిగ్నల్ ఇవ్వాలి, అది వచ్చి దాని గోళం యంత్రంలో పడాలి, ముందు స్టేషన్ నుంచి మనకు కొత్త గోళం తీసుకోవాలి. ఎదురుగా వచ్చేది తుంగభద్రలాంటి ఎక్స్‌ప్రెస్ అయి, అదీ ఆలస్యంగా నడుస్తుంటే ముప్పావుగంట. ప్యాసింజర్ కోసం ఎక్స్‌ప్రెస్‌ను ఆపరు గదా.

ఎక్కడ ఆపాలన్నది స్టేషన్ మాస్టర్ నిర్ణయం కాదు. సికింద్రాబాద్‌లో సెక్షన్ కంట్రోలర్ ముందు ఒక చార్టు ఉంటుంది. అడ్డంగా గంటలు, నిలువునా స్టేషన్లు. కాచిగూడ నుంచి వచ్చే బండి గీత ఒక వైపు వాలుతుంది, గద్వాల నుంచి వచ్చేది ఇంకో వైపు. రెండు గీతలు ఎక్కడ కలిస్తే అక్కడే క్రాసింగ్. గొల్లపల్లి జడ్చర్లకు పట్నం వైపు స్టేషన్, దివిటిపల్లి పాలమూరు వైపు స్టేషన్. గీతలు గొల్లపల్లిలో కలిశాయంటే దేవరకద్ర నుంచి వచ్చిన ఆమె అప్పటికే జడ్చర్లలో దిగిపోయింది, ఆయన ఇంకా గొల్లపల్లి లూప్‌లో దోమలు కొట్టుకుంటున్నాడు. దివిటిపల్లిలో కలిశాయంటే ఆయన ఇంటికి చేరాడు, ఆమె అక్కడ చీకట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. పెన్సిల్ కొన ఒక అరంగుళం అటుగానో ఇటుగానో జరిగితే ఒక ఇంట్లో కుక్కర్ పెట్టే చెయ్యి మారేది. కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు, పాపం.

అందుకే ఈ ఇండ్లన్నిట్లో దాదాపు ఒకటే కట్టుబాటు. ముందు వచ్చినవాళ్ళు అన్నం, వెనక వచ్చినవాళ్ళు కూర. పొద్దున బయల్దేరే ముందే నలుగురికి రెండు గ్లాసుల బియ్యం కొలిచి, ఏరి, గిన్నెలో పోసి మూత పెట్టి గట్టు మీద పెట్టేవాళ్ళు. పక్కన కందిపప్పు అర గ్లాసు, చిటికెడు పసుపు ఇంకో చిన్న గిన్నెలో. ముందు వచ్చిన మనిషి చెప్పులు విడిచి చేసే మొదటి పని బియ్యం కడిగి నానబెట్టడం. స్నానం చేసి వచ్చేలోపు ఇరవై నిమిషాలు నానుతాయి, అన్నం పొడిపొడిగా వస్తుంది, గ్యాసూ తక్కువ పడుతుంది. కొలత పొద్దున్నే ఎందుకంటే, అలిసి వచ్చిన మనిషి గ్లాసు నిండా తీయడు. కొసరు తక్కువ పడుతుంది, చివర తినే మనిషికి అడుగు మిగులుతుంది. ఆ చివర తినే మనిషి ఎప్పుడూ ఒక్కరే కావడం చాలా ఇండ్లల్లో గొడవకు అసలు కారణం. క్రాసింగ్ మీదికి నెట్టేవాళ్ళు.

పొద్దుటి పూట ఇంకో రకం. నాలుగున్నరకు లేవాలి. రెండు టిఫిన్లు, పిల్లల డబ్బాలు వేరే. అన్నం వేడి మీద డబ్బాలో కుక్కి మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతకు పట్టి, చుక్కలుగా మళ్ళీ అన్నంలోకే కారుతుంది. పాలమూరు ఏప్రిల్ ఎండకు ఒంటిగంటకల్లా ఆ అన్నం తీగలు సాగుతుంది. వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి అప్పుడు పెట్టాలి. ఆ పది నిమిషాలు లేక పాడైన అన్నాలు ఎన్నో. పెరుగన్నం తెలివి ఇంకోటి: పొద్దున పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులిసి నోట్లో పెట్టలేము. మెత్తగా మెదిపిన అన్నంలో గోరువెచ్చని పాలు జారుగా పోసి, ఒక్క చెంచా పెరుగు తోడేసి, ఉప్పు వేయకుండా మూత పెడితే బండి షాద్‌నగర్, తిమ్మాపూర్ దాటే వేళకు తోడుకోవడం మొదలై, తినే వేళకు కమ్మగా ఉంటుంది. ఉప్పు పొట్లం కట్టి విడిగా. మామిడికాయ తొక్కు కూడా విడిగానే, లేకుంటే మూత రింగుకు నూనె పట్టి బ్యాగు, ఫైలు రెండూ ఎర్రగా అవుతాయి.

డబ్బాలు మారిపోవడం మామూలే. ఇద్దరివీ ఒకే స్టీలు కొట్లో, ఒకే రోజు కొన్నవి. పేర్లు చెక్కించినా తొందరలో ఎవరు చూస్తారు. ఆయనకు జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం, ఆమెకు పులిహోర. పొద్దున కూడా ఎదురుబండ్లు రెండూ జడ్చర్లలోనే పడితే ప్లాట్‌ఫారం మీద సరిచూసుకునేందుకు వీలుండేది. బండి కదిలినంక కిటికీలో నుంచి "అది నాదీ..." అని అరవడం, ఇటు మనిషి సంచీ పైకెత్తి చూపడం, అంతే. ఆ రోజు సచివాలయం దిక్కు ఎవరో పులిహోర తినేవాళ్ళు, కౌకుంట్ల బళ్ళో ఎవరో ఎల్లిగడ్డ కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాళ్ళు.

సీజన్ టికెట్ మాట చెప్పకుండా పోలేం. నెల సీజన్‌కు దాదాపు పదిహేను ఒంటి ప్రయాణాల చార్జీ. పని దినాలు పాతికైతే ప్రయాణాలు 50, అంటే మూడో వంతు కన్నా తక్కువలో అయిపోతుంది. మూడు నెలలది తీసుకుంటే మూడు రెట్లు కాకుండా 2.7 రెట్లు. అయినా చాలామంది నెలదే తీసుకునేవాళ్ళు, ఎందుకంటే బదిలీ ఎప్పుడొస్తుందో తెలియదు, వాడని సీజన్‌కు డబ్బు వాపసు రాదు. ఫోటో గుర్తింపు కార్డు నంబరు టికెట్ మీద రాసి ఉండాలి; కార్డు ఇంట్లో మరిచి సీజన్ ఒక్కటే చూపిస్తే టికెట్ లేనట్టే లెక్క. సూపర్‌ఫాస్ట్ ఎక్కితే అదనపు రుసుము. అన్నిటికన్నా ఎక్కువ మంది దొరికిపోయేది రిజర్వేషన్ పెట్టెలో. జనరల్ డబ్బా ముందొకటి వెనకొకటి ఉండేది, ప్లాట్‌ఫారం నడుమ నిలబడ్డవాడు బండి వచ్చాక ఏ వైపు ఉరకాలో తెలియక స్లీపర్‌లోకి ఎక్కేవాడు. జరిమానా కట్టిన రోజు ఆ నెల సీజన్‌లో మిగిలిందంతా పోయినట్టే. ఇంట్లో చెప్పకుండా దాచే ఖర్చుల్లో ఇది మొదటిది.

డబ్బు కన్నా విలువైనది సీఎల్, క్యాజువల్ లీవు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసు పదిన్నరకు. పది నిమిషాల వరకు సరే అనుకునేవాళ్ళు, అటు తర్వాత రిజిస్టర్‌లో ఎర్ర సిరా. మూడు ఆలస్యాలకు ఒక సీఎల్ కోత. ఏడాదికి ఉన్నవి 15. నెలకు మూడుసార్లు బాలానగర్‌లోనో బూర్గులలోనో బండి కట్టేస్తే ఏడాదిలో పన్నెండు సీఎల్‌లు ఒక్కరోజూ ఇంట్లో ఉండకుండానే ఖర్చయిపోతాయి. మిగిలిన మూడింటిలో పిల్లల జ్వరాలు, చుట్టాల చావులు, సొంత పంటి నొప్పి. డిసెంబరు 31 దాటితే మిగిలినవి మురిగిపోతాయి గనక, నవంబరు నుంచి ఇద్దరి ఖాతాలూ నోటి లెక్కే. "నావి రెండే ఉన్నయి, నీవి నాలుగు. రేపు నువ్వే ఆగు." ఆగమన్న మనిషి దృష్టిలో అది లెక్క, ఆగిన మనిషి దృష్టిలో అది తీర్పు. పిల్ల మాత్రం ఒళ్ళు కాలుతూ నడుమ పడుకుని రెండు ముఖాలూ మార్చి మార్చి చూసేది.

ఇంకో గొడవ నల్లా రోజు. పాలమూరుకు రామన్‌పాడు నీళ్ళు. మిషన్ భగీరథకు ముందు ఆ దిక్కు ఊళ్ళల్లో నల్లా రోజూ వచ్చేది కాదు. వారానికి ఒకటి రెండు రోజులు, కొన్ని వాడలకు అంతకన్నా ఆలస్యం. ఏ గంటకు వస్తుందో వాల్వు తిప్పేవాడికే తెలుసు. ఒత్తిడి చాలక నీళ్ళు పైకి ఎక్కవని ఇంటి ముందు మూడడుగుల గుంత తవ్వి, అందులో నేలకు ఆనించి నల్లా బిగించుకునేవాళ్ళు. గుంతలోకి దిగి బిందె ముంచి పైకి అందిస్తే ఇంకొకరు మోయాలి. ఇద్దరి పని అది. ఇద్దరూ బండిలో ఉంటే?

కాస్త చేతిలో డబ్బు ఆడినవాళ్ళు సంపు కట్టించి బాల్‌కాక్ పెట్టించారు. నీళ్ళు వస్తే తానే నిండుతుంది, నిండితే బంతి లేచి తానే మూసుకుంటుంది, మనిషి అక్కర్లేదు. రెండేళ్ళు బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ బంతికి అతుకు దగ్గర సన్నని చీలిక వచ్చి లోపలికి నీళ్ళు చేరతాయి. బరువెక్కిన బంతి లేవదు, కాక్ మూసుకోదు, సంపు పొంగి వాకిలంతా, పక్కింటి వాకిలంతా నీళ్ళు. వాడంతా బిందె నీళ్ళకు ఎదురుచూస్తుంటే ఒక తాళమేసిన ఇంటి ముందు మాత్రం కాలువ పారుతుంది. రాత్రి ఎనిమిదికి వచ్చిన జంటకు వాడ మొత్తం స్వాగతం చెప్పేది. బంతిని విప్పి చెవి దగ్గర ఊపి చూస్తే లోపల నీళ్ళ చప్పుడు వినబడుతుంది. దానికి మందు అతుకులు వేయడం కాదు, కొత్త బంతి పెట్టడమే. నెలకోసారి ఊపి చూడాలని అందరికీ తెలుసు. ఆదివారం ఒక్కటే సెలవు, ఆ రోజు ఎవరికి గుర్తుంటుంది.

ఇన్ని చెప్పి బండిలోని సుఖం చెప్పకపోతే అన్యాయం. సాయంత్రం ఆడవాళ్ళ పెట్టె ఒక నడిచే వంటిల్లు. షాద్‌నగర్‌లోనో దేవరకద్రలోనో బండి ఎక్కే ముందు కొన్న కూర ఒళ్ళో దినపత్రిక పరుచుకుని సగం దారిలోనే తయారయ్యేది. దానికీ ఒక జ్ఞానం ఉంది. గోకరకాయ, చిక్కుడు, బీన్స్ బండికి సరిగ్గా సరిపోతాయి: ఈనె తీసి తుంచడమే, కత్తి అక్కర్లేదు. పుంటికూర ఆకులు కాడల నుంచి తుంచి సంచీలో వేసుకుంటే ఇంట్లో కడిగి ఉడకేయడమే మిగులుతుంది. వంకాయ కోస్తే ఇల్లు చేరేలోపు నల్లబడుతుంది, ఉప్పు నీళ్ళు బండిలో ఎక్కడివి. ఉల్లిగడ్డ కోసిన మనిషిని పెట్టెలో అందరూ కలిసి తిట్టేవాళ్ళు. కందికాయ దినాల్లో వలిచిన తొక్కలు సీట్ల కింద మడమల ఎత్తు ఉండేవి. ఊడ్చేవాళ్ళకు ఎంత కోపం వచ్చేదో.

వానలు వెనకబడి దసరా దగ్గరికొస్తే బాలానగర్, రాజాపూర్‌ల దగ్గర సీతాఫలాల గంపలు ఎక్కేవి. బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే ఉంది, దేశమంతా నర్సరీల్లో ఆ పేరుతోనే అమ్ముతారు. మనకు మాత్రం అది గుట్టల మీద నుంచి తెంపి, తెల్లారేసరికి గంపలో వచ్చే కాయ. కొనేటప్పుడు గట్టికాయే కొనాలి, కానీ కండ్లు తెరిచి ఉండాలి. గడుల నడుమ గీతలు వెడల్పై లేత పసుపు తేలితే అది కండ్లు తెరిచిన కాయ; బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో పండుతుంది. గీతలు పచ్చగా, బిర్రుగా ఉన్న కాయ ఎన్ని రోజులు పెట్టినా పండదు, నల్లబడి రాయవుతుంది. మెత్తది కొని సంచీలో వేసుకుంటే పై సంచీ ఒక్కటి పడితే చాలు, చున్నీలు, రిజిస్టర్లు అన్నీ గుజ్జే. ఆ నెలన్నర ఇండ్లల్లో గొడవలు కొంచెం తక్కువ. నోట్లో గింజలుంటే మాటలెట్ల వస్తాయి.

దీపావళి దాటగానే కురుమూర్తి జాతర. ఆ దినాల్లో ఆ దిక్కు బండిలో కాలు పెట్టే సందు ఉండదు, రోజూ పోయే టీచరమ్మలు కూడా తలుపు దగ్గర ఒంటికాలి మీదే. మాఘ పున్నమికి మన్యంకొండ. జాతర రోజుల్లో బస్సే మేలు అనుకుంటారు గాని, బస్సులూ జాతరకే పోతాయి.

ఫోన్లు లేని కాలంలో ఆలస్యమైన మనిషి ఎక్కడుందో తెలుసుకునే దారి ఒక్కటే, స్టేషన్‌కు పోయి అడగడం. పిల్లను చంకనేసుకుని సైకిల్ మీద వచ్చిన నాన్నలు స్టేషన్ మాస్టర్ కిటికీ ముందు నిలబడేవాళ్ళు. "ఎదురుబండి ఇంకా రాలే, దివిటిపల్లిల పెట్టిన్రు" అన్న మాట వినగానే భయం పోయి కోపం వచ్చేది. 2003లో సెల్లుకు వచ్చే కాల్ ఉచితమైనంక మిస్డ్ కాల్ భాష పుట్టింది. ఒక రింగు అంటే షాద్‌నగర్ దాటినం. రెండు అంటే గొల్లపల్లి దాటినం, బియ్యం కడుగు. ఎత్తకూడదు, ఎత్తితే డబ్బు. దాంట్లోనూ చిక్కు: రాజాపూర్ చుట్టుపక్కల సిగ్నల్ పోయేది, షాద్‌నగర్ రింగు గొల్లపల్లి దాటాక చేరేది, రెండూ కలిసి మూడు రింగులయ్యేవి. మూడు రింగులకు అర్థం ఏంటో ఎవరూ ముందు అనుకోలేదు.

బండి తప్పితే రోడ్డు. పాలమూరు బస్టాండ్‌లో నాన్‌స్టాప్‌కు కిందనే టికెట్ కొట్టి ఎక్కించేవాళ్ళు, నడుమ కండక్టర్ ఉండడు. జడ్చర్ల వాళ్ళకు అదే కష్టం: కళ్ళ ముందు నుంచే ఖాళీ సీటుతో పోతుంది, ఆగదు. ఎక్స్‌ప్రెస్‌కు నిలబడాలి. పట్నంలో దిగే చోటు ఆరాంఘర్. ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా కూర్చుంటే ఇంకో ముప్పావుగంట నడిమధ్యలో పోతుంది, అందుకే రోజూ వచ్చేవాళ్ళు ఆరాంఘర్ చౌరస్తాలో దిగి మెహిదీపట్నం బస్సు ఎక్కేవాళ్ళు. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచినంక ఆ ముక్క చాలా తేలికైంది. నల్లగొండ వాళ్ళది పూర్తిగా రోడ్డు బతుకే అనాలి. వాళ్ళకు క్రాసింగ్ లాంటిది నార్కట్‌పల్లి: సూర్యాపేట, విజయవాడ బస్సులు అక్కడ దింపేసి పోతాయి, అక్కడి నుంచి ఇంకో ఇరవై కిలోమీటర్లకు ఇంకో బస్సు. సంక్రాంతి వారం పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుంటే ఆ రోజు ఇంట్లో ఎవరు వండినా చల్లారిందే తినాలి.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు జీరో టికెట్. ఇంట్లో లెక్క తలకిందులైంది: ఆమె ప్రయాణం ఉచితం, ఆయనదే ఖర్చు. "నీకైతే పుణ్యానికే గదా, నువ్వే తిరుగు" అన్న మాట ఎన్ని ఇండ్లల్లో పడిందో. చార్జీ తగ్గింది గాని గంటలు తగ్గలేదని ఆమె చెప్పాల్సి వచ్చేది, అదీ నిలబడి వచ్చిన రాత్రి. దానికి రెండేళ్ళ ముందు, 2021 డిసెంబరు 6 నాటి 317 జీవోతో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఒకే ఊర్లో ఉన్న జంటలు కొన్ని వేరు జిల్లాలకు పడ్డాయి. అప్ అండ్ డౌన్ అనే మాట తెలియని వయసు వాళ్ళు కూడా సీజన్ టికెట్‌కు ఫోటోలు దిగారు. పాతవాళ్ళ దగ్గరికి వచ్చి అడిగింది మాత్రం క్రాసింగుల గురించి కాదు, పెరుగన్నం గురించి.

ఎందుకంటే అప్పటికే రెండో లైను పని నడుస్తోంది. ఫలక్‌నుమా దాకా ముందే రెండు లైన్లు ఉండేవి. అక్కడి నుంచి ఇటు పాలమూరు దాకా డబ్లింగ్, పైన కరెంటు తీగ, ముక్కలు ముక్కలుగా పూర్తయ్యి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. జడ్చర్ల ఇండ్లల్లో పొద్దున బియ్యం కొలిచి మూత పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు ఎవరు ముందు వస్తారన్నది టైం టేబుల్ చూసి నెల ముందే చెప్పేయొచ్చు, తప్పించుకునేందుకు కంట్రోలర్ లేడు. గొల్లపల్లి లూప్‌లో అప్పుడప్పుడు గూడ్సు నిలబడి ఉంటుంది. సాయంత్రం బండ్లు రెండూ ఎక్కడో పత్తి చేన్ల నడుమ, ఏ పేరూ లేని చోట ఎదురవుతాయి. కిటికీ రెక్క ఒక్కసారి దడదడలాడుతుంది, ఫోన్ చూసుకునేవాళ్ళు తల కూడా ఎత్తరు, చివరి డబ్బా పోయినంక మళ్ళీ చేను.